ఈమెయిల్ అటాచ్‌మెంట్ ఎక్కడ ఆగిపోతుంది?

యాంగోన్ నగరపు పశ్చిమ భాగంలో నదిని ఆనుకొని ఉన్న అహ్లోన్ టౌన్‌షిప్‌లో ఏషియా వరల్డ్ పోర్ట్ టెర్మినల్, మయన్మార్ ఇండస్ట్రియల్ పోర్ట్ అనే రెండు కంటెయినర్ రేవులు ఉన్నాయి. తెలుగువారు తరతరాలుగా రంగం అని పిలుచుకున్న నగరం ఇదే. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఈ నగరపు రేవుల్లో బస్తాలు మోసిన కూలీల్లో అధికసంఖ్యాకులు తెలుగు జిల్లాల నుంచి సముద్రం దాటి వెళ్లినవారే. ఇప్పుడు ఇదే నగరపు రేవుల నుంచి మినుములు, కందులు భారతదేశానికి వస్తున్నాయి. 2021 జూన్‌లో రెండు ప్రభుత్వాల మధ్య కుదిరిన అవగాహన ఒప్పందం ప్రకారం ఐదు ఆర్థిక సంవత్సరాల పాటు ఏటా 2.5 లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు మయన్మార్ నుంచి దిగుమతి చేసుకోవడానికి భారతదేశం అంగీకరించింది. తెలుగు ఇళ్లలో ఇడ్లీకి నానబోసే పప్పులో కొంత భాగం ఆ దేశపు పొలాల్లో పండినదే.

సరుకు ఓడలో ప్రయాణిస్తుంది గానీ, దాని కాగితాలు అంతకంటే ముందే చేరవలసి ఉంటుంది. ఓడ కంపెనీ సరుకు ఎక్కించుకున్నట్టు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్, అమ్మినవారి ఇన్వాయిస్, ధాన్యంలో తెగుళ్లు లేవని తెలిపే ధ్రువపత్రం, సరుకు ఏ దేశానిదో చెప్పే పత్రం, వీటన్నిటి నకళ్లను యాంగోన్‌లోని ఎగుమతిదారు చెన్నైలోనో మరో రేవులోనో ఉన్న దిగుమతిదారుకు, ఇరువైపుల ఏజెంట్లకు సరిచూసుకోవడానికి ముందుగా ఈమెయిల్‌లో పంపడం ఆనవాయితీ. ఆ ఫైల్ తెరుచుకోకపోతే తప్పులు దిద్దే వ్యవధి తగ్గిపోతుంది. కాగితాలు సిద్ధం కాకముందే కంటెయినర్ రేవుకు చేరితే, ఉచిత గడువు దాటి అక్కడ నిలిచిన ప్రతి రోజుకూ డెమరేజ్ అనే రుసుము పడుతుంది. అందువల్ల ఈమెయిల్‌కు జోడించిన ఫైల్ చేరకపోవడం, చేరినా తెరుచుకోకపోవడం అనే చిన్న సమస్యకు ఇక్కడ రూపాయల్లో, మయన్మార్ కరెన్సీ అయిన క్యాట్‌లలో లెక్కకు వచ్చే విలువ ఉంది.

ఇటువంటి కార్యాలయాలకు థండర్‌బర్డ్, అవుట్‌లుక్ వంటి డెస్క్‌టాప్ ప్రోగ్రాములు, అంటే కంప్యూటర్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకొని వాడే మెయిల్ ప్రోగ్రాములు, ఎక్కువగా ఉపయోగపడటానికి బలమైన కారణం ఉంది. ఇవి ఉత్తరాల నకళ్లను కంప్యూటర్ డిస్క్‌లో దాచుకోగలవు కనుక, ఇంటర్నెట్ లేని వేళ కూడా పాత కాగితం తీసి చూసుకోవచ్చు. యాంగోన్‌లో కరెంటు కోతలు మామూలైనవి. 2021 ఫిబ్రవరి 15 నుంచి కొన్ని వారాల పాటు దేశమంతటా రాత్రి ఒంటిగంట నుంచి ఉదయం తొమ్మిది వరకు ఇంటర్నెట్‌ను ప్రతిరోజూ నిలిపివేసిన కాలమూ ఉంది. అటువంటి చోట సొంత డిస్క్‌లో ఉన్న ఉత్తరమే నమ్మదగిన ఉత్తరం.

అటాచ్‌మెంట్ సమస్యలను విడదీయడానికి ముందు, అటాచ్‌మెంట్ ఎలా తయారవుతుందో తెలియాలి. ఉత్తరానికి పిన్నుతో గుచ్చిన కాగితంలాగా ఫైల్ విడిగా ప్రయాణిస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఉత్తరం పాఠంలోనే కలిసిపోయి ప్రయాణిస్తుంది. 1982లో స్థిరపడిన ఈమెయిల్ ప్రమాణాలు ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, కొన్ని విరామచిహ్నాలు మాత్రమే మోయడానికి ఉద్దేశించినవి; బొమ్మ, ధ్వని, తెలుగు అక్షరం, వేటికీ వాటిలో చోటు లేదు. నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ అనే ఇద్దరు ఇంజనీర్లు రూపొందించిన మైమ్ అనే ప్రమాణం 1992 జూన్‌లో వెలువడి ఈ కొరత తీర్చింది. ఆ పద్ధతిలో ఒకే ఉత్తరాన్ని అనేక భాగాలుగా విభజించి, ప్రతి భాగానికి ముందు అది ఏ రకమైనదో, దాని పేరేమిటో, దాన్ని ఏ లిపిసంకేతంలోకి మార్చారో చెప్పే శీర్షికలు రాస్తారు. ఫైల్‌లోని ప్రతి మూడు బైట్లను, అంటే కంప్యూటర్ సమాచారాన్ని కొలిచే మూడు చిన్న ప్రమాణాలను, నాలుగు సాధారణ అక్షరాలుగా మార్చే పద్ధతిని బేస్ 64 అంటారు. పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాలు, పది అంకెలు, మరి రెండు గుర్తులు కలిసి అరవై నాలుగు కావడమే ఆ పేరుకు కారణం. పంపేవారి ప్రోగ్రామ్ ఫైల్‌ను ఈ అక్షరాల వరుసగా మారుస్తుంది, అందుకునేవారి ప్రోగ్రామ్ తిరిగి ఫైల్‌గా మారుస్తుంది, మధ్యలో ఉన్న సర్వర్లన్నీ దాన్ని కేవలం పాఠంగానే చూస్తాయి.

ఈ ఒక్క విషయం మనసులో ఉంటే సగం చిక్కులు వాటంతట అవే విడిపోతాయి, ఎందుకంటే లోపం మూడు చోట్లలో ఒకచోట మాత్రమే జరగగలదు: ఫైల్‌ను అక్షరాలుగా మార్చినప్పుడు, ఆ అక్షరాలు దారిలో ఉన్నప్పుడు, లేదా వాటిని తిరిగి ఫైల్‌గా మార్చి తెరిచేటప్పుడు. ఏ చోటో తేల్చకుండానే ప్రోగ్రామ్‌ను తీసివేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం కార్యాలయాల్లో తరచుగా కనిపించే అలవాటు. అది కాలాన్ని వృథా చేయడమే కాక, కొన్నిసార్లు పాత ఉత్తరాలను కూడా పోగొడుతుంది.

చోటు తేల్చడానికి అన్నిటికంటే మంచి సాధనం ఉత్తరం మూలపాఠం, అంటే ప్రోగ్రామ్ అలంకరించి చూపకముందు అది సర్వర్ నుంచి వచ్చిన అసలు రూపం. థండర్‌బర్డ్‌లో ఉత్తరం తెరిచి కంట్రోల్, యు అనే రెండు మీటలు కలిపి నొక్కితే ఆ రూపం కనిపిస్తుంది. అవుట్‌లుక్ పూర్తి మూలపాఠాన్ని చూపదు, ఉత్తరం ప్రాపర్టీస్‌లో శీర్షికలను మాత్రం చూపుతుంది. అటువంటప్పుడు అదే ఖాతాను వెబ్ బ్రౌజర్‌లో తెరిచి, అక్కడ అటాచ్‌మెంట్ బాగానే తెరుచుకుంటుందో లేదో చూడటం దాదాపు సమానమైన పరీక్ష. బ్రౌజర్‌లో తెరుచుకొని డెస్క్‌టాప్‌లో తెరుచుకోకపోతే లోపం అందుకున్నవారి కంప్యూటర్‌లోనే ఉంది. రెండుచోట్లా తెరుచుకోకపోతే పంపినవారివైపో దారిలోనో వెతకాలి. మూలపాఠంలో అక్షరాల వరుస మధ్యలోనే తెగిపోయి, భాగం ముగిసిందని చెప్పే గీత కనిపించకపోతే ఉత్తరం సగమే చేరినట్టు. వరుసకు బదులుగా ఈ భాగం అవసరమైనప్పుడు దింపుకోబడుతుందని అర్థం వచ్చే ఒక ఇంగ్లీషు వాక్యం మాత్రమే ఉంటే, థండర్‌బర్డ్ శీర్షికను దింపుకొని ఫైల్‌ను సర్వర్‌లోనే వదిలిందని తెలుసుకోవాలి. ఈ చివరిది అహ్లోన్ వంటి చోట మరీ ముఖ్యం: తెరపై ఫైల్ పేరు కనిపిస్తుంది కనుక అది తన దగ్గరే ఉందని వాడుకరి నమ్ముతాడు, నెట్ లేని ఉదయం తెరవబోతే ఏమీ రాదు. ఖాతా సెట్టింగ్‌లలో సింక్రనైజేషన్ అనే విభాగంలో ఉత్తరాలను ఈ కంప్యూటర్‌లో ఉంచాలని ఎంచుకొని, పరిమాణాన్ని బట్టి పెద్ద ఉత్తరాలను వదిలేసే నిబంధనను తీసివేస్తే ఈ ఇబ్బంది పోతుంది.

దారిలో జరిగే లోపాల్లో మొదటిది పరిమాణం. మూడు బైట్లు నాలుగు అక్షరాలు కావడంతో ఫైల్ మూడో వంతు పెరుగుతుంది. ప్రతి డెబ్భై ఆరు అక్షరాల తరువాత వరుస ముగింపు గుర్తులు కూడా చేరడంతో ఆ పెరుగుదల దాదాపు 37 శాతం అవుతుంది. సర్వర్ మొత్తం ఉత్తరానికి 25 ఎంబీ పరిమితి పెడితే, అసలు ఫైల్ 18 ఎంబీ దాటగానే తిరస్కరణ మొదలవుతుంది; ఫైల్ 20 ఎంబీ మాత్రమే కదా అని వాడుకరి ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే. తిరస్కరించిన సర్వర్ 552 అనే సంఖ్యతో మొదలయ్యే సమాధానం పంపుతుంది. తిరిగి వచ్చిన ఉత్తరంలో ఆ సంఖ్య కనిపిస్తే చాలావరకు పరిమాణమే కారణం. స్కానర్ సెట్టింగ్ ఇక్కడ అసలు దోషి. ఒక ఏ4 కాగితాన్ని అంగుళానికి 600 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేస్తే కుదింపుకు ముందు దాని పరిమాణం నూరు ఎంబీ దాటుతుంది. 300 చుక్కల చొప్పున బూడిదరంగులో స్కాన్ చేస్తే తొమ్మిది ఎంబీకి లోపే ఉంటుంది, కుదించి పీడీఎఫ్ చేసిన తరువాత మరెంతో తగ్గుతుంది. ముద్రలు, సంతకాలు చదవడానికి ఈ రెండోది చాలు.

రెండో ఇబ్బంది ఒకే ఉత్తరం ఒకటికి రెండుసార్లు చేరడం. ఐమ్యాప్ అనే పద్ధతిలో, అంటే ఉత్తరాల అసలు ప్రతిని సర్వర్‌లోనే ఉంచే పద్ధతిలో, డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఉత్తరాన్ని పంపిన తరువాత, పంపినవి అనే ఫోల్డర్‌లో దాచడానికి అదే ఉత్తరాన్ని మళ్లీ సర్వర్‌కు ఎక్కించవచ్చు. 10 ఎంబీ ఫైల్ మార్పిడి తరువాత 13 ఎంబీ పైచిలుకు అవుతుంది. సెకనుకు ఒక మెగాబిట్ ఎగువ వేగం ఉన్న లైన్ మీద దానికి రెండు నిమిషాలకు దగ్గరగా పడుతుంది, రెండుసార్లకు నాలుగు నిమిషాలు. ఉత్తరం వెళ్లిపోయి, నకలు దాచడం దగ్గర లైన్ తెగితే, ప్రోగ్రామ్ లోపం అని చెప్పగానే వాడుకరి ఉత్తరమే వెళ్లలేదనుకొని మళ్లీ పంపుతాడు. వ్యాపార కాగితాల విషయంలో ఇది ప్రమాదకరం, ఎందుకంటే మధ్యలో ఒక దిద్దుబాటు జరిగి ఉంటే ఏ ప్రతి చివరిదో అందుకున్నవారికి తెలియదు. లోపం తెలిపే వాక్యాన్ని చివరివరకు చదవడం, అది పంపడం గురించా నకలు దాచడం గురించా అని చూడటం ఇక్కడ చేయవలసిన పని.

మూడోది మరింత వింతగా కనిపిస్తుంది: చిన్న ఉత్తరాలన్నీ వెళతాయి, అటాచ్‌మెంట్ ఉన్నది మాత్రం ఎప్పుడూ ఒకేచోట ఆగిపోతుంది. ఇంటర్నెట్‌లో సమాచారం చిన్న పొట్లాలుగా ప్రయాణిస్తుంది. ఈథర్‌నెట్‌లో ఒక పొట్లం గరిష్ఠంగా 1500 బైట్లు, అనేక ఫోన్‌లైన్, ఫైబర్ కనెక్షన్లలో వాడే పీపీపీఓఈ అనే పద్ధతిలో 1492 బైట్లు. పొట్లం పెద్దదైందని దారిలోని యంత్రం పంపే హెచ్చరికను ఏదైనా ఫైర్‌వాల్ అడ్డుకుంటే, పంపే కంప్యూటర్ అదే పెద్ద పొట్లాన్ని పదేపదే పంపుతూ ఉండిపోతుంది. చిన్న ఉత్తరం నిండు పొట్లాన్ని చేరదు కనుక దానికి ఈ బాధ లేదు. రౌటర్‌లో పొట్లం గరిష్ఠ పరిమాణాన్ని నిర్ణయించే ఎమ్‌టీయూ అనే విలువను 1492కు, అవసరమైతే ఇంకా కిందికి తగ్గించడంతో నయమయ్యే ఈ జబ్బుకు మెయిల్ ప్రోగ్రామ్‌ను నిందించడం అన్యాయం.

పంపేవారివైపు లోపాల్లో బాగా తెలిసినది విన్‌మెయిల్ డాట్ డ్యాట్ అనే ఫైల్. అవుట్‌లుక్‌లో రిచ్ టెక్స్ట్ అనే రూపంలో ఉత్తరం రాస్తే, అందులోని అలంకరణనూ జోడించిన ఫైళ్లనూ కలిపి మైక్రోసాఫ్ట్ సొంత పద్ధతిలో ఒకే మూటగా కట్టే అవకాశం ఉంది. ఆ మూటను అవుట్‌లుక్ విప్పగలదు, ఇతర ప్రోగ్రాములు చాలావరకు విప్పలేవు. అందుకున్నవారికి ఇన్వాయిస్ బదులు ఆ పేరుగల అర్థంకాని ఫైల్ ఒకటి కనిపిస్తుంది. దాన్ని విప్పే చిన్న ప్రోగ్రాములు దొరుకుతాయి గానీ సరైన చికిత్స పంపేవారి దగ్గరే జరగాలి: అవుట్‌లుక్ ఆప్షన్లలో మెయిల్ విభాగంలో, ఇంటర్నెట్ చిరునామాలకు పంపే రిచ్ టెక్స్ట్ ఉత్తరాలను హెచ్‌టీఎమ్‌ఎల్‌కు మార్చాలనే ఎంపికను చేయాలి.

ఫైళ్ల పేర్ల సంగతి తెలుగువారికీ బర్మా వారికీ ఉమ్మడి విషయం కనుక దాన్ని కొంచెం నిదానంగా చూడాలి. ఇంగ్లీషేతర లిపిలో ఉన్న ఫైల్ పేరును శీర్షికలో ఎలా రాయాలో 1997లో ఒక ప్రమాణం నిర్ణయించింది. యూనికోడ్‌లో, అంటే ప్రపంచ లిపులన్నిటికీ ఒక్కో అక్షరానికి ఒక్కో సంఖ్య ఇచ్చిన ప్రమాణంలో, తెలుగు అక్షరమైనా బర్మా అక్షరమైనా యూటీఎఫ్ 8 రూపంలో మూడు బైట్లు తీసుకుంటుంది. 1997 ప్రమాణం ప్రకారం ఒక్కో బైట్‌ను శాతం గుర్తుతోనూ రెండు సంకేతాలతోనూ రాయాలి, అంటే ఒక అక్షరానికి తొమ్మిది గుర్తులు. పేరు పొడవైతే దాన్ని ముక్కలుగా విడగొట్టవలసి వస్తుంది. కొన్ని పాత ప్రోగ్రాములు ఈ ప్రమాణాన్ని అర్థం చేసుకోలేవు, కొన్ని దాని బదులు ఉత్తరం విషయవాక్యానికి ఉద్దేశించిన మరో పద్ధతిని ఫైల్ పేరుకు వాడతాయి. ఫలితంగా పేరు అర్థంలేని గుర్తుల వరుసగానో, పేరులేని అటాచ్‌మెంట్‌గానో కనిపిస్తుంది, చివరనున్న పీడీఎఫ్ అనే తోక కూడా పోతుంది. తోక పోతే ఏ ప్రోగ్రామ్‌తో తెరవాలో విండోస్‌కు తెలియదు. చాలాసార్లు లోపల ఫైల్ చెక్కుచెదరకుండా ఉంటుంది. దాన్ని డిస్క్‌లో దాచి, పేరు చివర చుక్క పెట్టి పీడీఎఫ్ అని చేర్చగానే తెరుచుకుంటుంది.

బర్మా లిపి విషయంలో మరో చిక్కు ఉంది. ఆ లిపికి 1999లోనే యూనికోడ్‌లో చోటు దొరికినా, మయన్మార్‌లో ఏళ్ల తరబడి రాజ్యమేలినది జోజీ అనే ఫాంట్. అది యూనికోడ్ సంఖ్యలనే తీసుకొని, తనదైన క్రమంలో, కంటికి కనిపించే వరుసలో అక్షరాలను పేర్చింది, షాన్, మోన్, కరెన్ వంటి భాషల అక్షరాలకు కేటాయించిన సంఖ్యలను కూడా వాడుకుంది. 2019 అక్టోబర్ 1న దేశం అధికారికంగా యూనికోడ్‌కు మారడం మొదలుపెట్టింది. పాత జోజీ పేరుతో ఉన్న ఫైల్ కొత్త కంప్యూటర్‌లో అక్షరాలు చెదిరి కనిపిస్తే అది మెయిల్ తప్పు కాదు, దారిలో చెడిపోయినది కాదు. అను ఫాంట్లతో కంపోజ్ చేసిన పాత తెలుగు వర్డ్ ఫైల్‌ను ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిచి, ఫైల్ పాడైందని పారేసినవారికి ఈ పరిస్థితి వెంటనే అర్థమవుతుంది. ఫాంట్‌ను లోపలే పొదిగిన పీడీఎఫ్‌గా మార్చి పంపడం రెండు భాషలకూ పనికివచ్చే జాగ్రత్త. పేర్లు ఇంగ్లీషులోనే పెట్టుకోమని సలహా ఇవ్వడం సులభమే, అత్యవసర వ్యాపార కాగితానికి అది వివేకం కూడా. అయినా సొంత లిపిలో ఫైల్‌కు పేరు పెట్టుకోవడం వాడుకరి హక్కు, ఆ పేరును మోయలేకపోవడం ప్రోగ్రామ్ లోపం. ప్రమాణం వచ్చి పాతికేళ్లు దాటిన తరువాత కూడా ఈ లోపాన్ని వాడుకరి నెత్తిన వేయడం తగదు.

కొన్ని అటాచ్‌మెంట్లను ప్రోగ్రామ్ ఉద్దేశపూర్వకంగానే ఆపుతుంది. 2000 మే 4న ఐ లవ్ యూ అనే వైరస్ ప్రేమలేఖ పేరున్న అటాచ్‌మెంట్‌గా ప్రపంచమంతా పాకింది. ఫైల్ పేరు చివరి తోకను విండోస్ దాచిపెట్టడంతో అది మామూలు పాఠం ఫైల్‌లాగా కనిపించింది. ఆ దెబ్బ తరువాత అవుట్‌లుక్ నేరుగా నడవగల ఫైళ్లను అందుకున్నవారికి కనబడనివ్వకుండా అడ్డుకోవడం మొదలుపెట్టింది. ఓడ కాగితాల పేరుతో వైరస్‌లు పంపడం మోసగాళ్లకు ఇష్టమైన ఎత్తు, రేవు కార్యాలయాల్లో అటువంటి పేరుగల ఫైల్‌ను అనుమానించకుండా తెరుస్తారు కనుక. కాబట్టి ఫైల్ తెరుచుకోలేదని ఈ రక్షణను, యాంటీవైరస్‌ను శాశ్వతంగా ఆపివేయడం ఏ పరిస్థితిలోనూ సరికాదు. పంపినవారికి ఫోన్ చేసి నిర్ధారించుకొని, అవసరమైతే వేరే రూపంలో మళ్లీ పంపమని అడగాలి. బ్యాంకు ఖాతా మారిందని చెప్పే ఇన్వాయిస్ వస్తే, ఆ ఫోన్ కచ్చితంగా పాత నంబరుకే చేయాలి.

ఇక అందుకున్నవారి కంప్యూటర్ సంగతి. అటాచ్‌మెంట్‌ను ఉత్తరంలో నుంచే తెరిస్తే అవుట్‌లుక్ దాని నకలును ఒక మరుగు తాత్కాలిక ఫోల్డర్‌లో పెడుతుంది. ఇన్వాయిస్, స్కాన్ వంటి ఒకే పేరు గల ఫైళ్లు అక్కడ వంద దాకా పేరుకుంటే, కొత్త ఫైల్ సృష్టించలేకపోతున్నానని ప్రోగ్రామ్ మొరాయించడం పాత రూపాల్లో ప్రసిద్ధమైన సమస్య. ఆ ఫోల్డర్‌ను ఖాళీ చేస్తే తీరుతుంది. ఉత్తరంలో నుంచే తెరిచిన ఎక్సెల్ పట్టికలో గంటసేపు దిద్ది సేవ్ చేసిన పని కనబడకుండా పోవడానికీ ఈ ఫోల్డరే కారణం. ముందుగా ఫైల్‌ను తనకు తెలిసిన చోట దాచుకొని, ఆ తరువాతే తెరవడం అన్నిటికంటే క్షేమం.

థండర్‌బర్డ్ మామూలుగా ఒక్కో ఫోల్డర్‌లోని ఉత్తరాలన్నిటినీ ఒకే పెద్ద ఫైల్‌గా దాచి, పక్కనే ఎమ్‌ఎస్‌ఎఫ్ అనే తోకతో ఒక సూచికను ఉంచుతుంది. ఉత్తరం రాస్తున్న క్షణంలో కరెంటు పోతే సూచిక చెప్పే చోటికి, ఉత్తరం నిజంగా ఉన్న చోటికి పొంతన తప్పుతుంది. అప్పుడు ఒక ఉత్తరం నొక్కితే మరో ఉత్తరం ముక్క కనిపించవచ్చు, అటాచ్‌మెంట్ ఖాళీగా తెరుచుకోవచ్చు. ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో ఉన్న రిపేర్ మీటతో సూచికను మళ్లీ నిర్మించుకోవచ్చు, అసలు ఉత్తరాలకు దానివల్ల హాని లేదు. తుడిచేసిన ఉత్తరాలు కంపాక్ట్ అనే ఆదేశం ఇచ్చేదాకా ఆ ఫైల్‌లోనే చోటు ఆక్రమించి ఉంటాయి. ఆ ఆదేశం నడుస్తున్నప్పుడు కరెంటు పోకుండా యూపీఎస్ మీదనో ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదనో చేయడం, ముందుగా మొత్తం ప్రొఫైల్ ఫోల్డర్‌ను వేరే డిస్క్‌కు నకలు తీసుకోవడం తప్పనిసరి. ఒక్క ఉత్తరంలో వైరస్ కనిపించిందని యాంటీవైరస్ ఆ పెద్ద ఫైల్ మొత్తాన్ని తీసి పక్కన పెడితే ఇన్‌బాక్స్ అంతా ఖాళీ అవుతుంది; అటువంటప్పుడు కంగారుపడకుండా యాంటీవైరస్ నిర్బంధ జాబితాను ముందు చూడాలి.

పంపేవారు చేయగల ఒక చిన్న పని ఈ వెతుకులాటనంతటినీ చాలా తగ్గిస్తుంది. ఉత్తరం పాఠంలోనే జోడించిన ఫైళ్లు ఎన్ని, వాటి పేర్లేమిటి, ఒక్కొక్కటి ఎన్ని పేజీలు, దాదాపు ఎంత పరిమాణం, ఇది మొదటి ప్రతా దిద్దిన ప్రతా అని రెండు వరుసల్లో రాస్తే, చెన్నైలో ఉత్తరం తెరిచిన గుమస్తాకు నాలుగు ఫైళ్లకు బదులు మూడే వచ్చాయని, లేదా ఆరు పేజీల పత్రం రెండో పేజీ దగ్గర తెగిందని ఆ నిమిషంలోనే తెలుస్తుంది. అప్పటికి యాంగోన్‌లో కార్యాలయం ఇంకా తెరిచే ఉంటుంది, అక్కడి గడియారం భారతదేశం కంటే ఒక గంట ముందు నడుస్తుంది కనుక సాయంత్రం నాలుగు లోపు అడిగితే ఆ రోజే సరైన కాగితం తిరిగి రావచ్చు.